వద్దు సారు ఎవరి మనిషి

నాకు వచ్చిన ఇంగ్లీషు మొత్తం రెండు మాటలు: ఎస్, సార్. ఆ రెండింటినే పదకొండు రకాలుగా పలకగలను కనుక ఫుజైరాలో మా కంపెనీవాళ్లు నన్ను ఇంగ్లీషు తెలిసిన డ్రైవరు కింద జమకట్టారు. అర్థమైతే ఒక ఎస్ సార్, అర్థం కాకపోతే అంతకంటే గట్టిగా ఇంకో ఎస్ సార్. ఆరో తరగతిలో నేను బడి మానేసిన రోజున మా పంతులు ఏడవలేదు, నేనూ ఏడవలేదు. ఇద్దరం ఒక్కసారే ఊపిరి పీల్చుకున్నాం. తర్వాత పదేళ్లు జగిత్యాల లారీల మీద, ముందు క్లీనరుగా, ఆపైన డ్రైవరుగా తిరిగాను. దుబాయ్ అంటే దుబాయ్ అనుకునే విమానం ఎక్కాను. దిగాక తెలిసింది, మనవాళ్లు ఈ ఎడారి మొత్తాన్నీ దుబాయ్ అనే పిలుస్తారని, నాకు రాసిపెట్టింది దాని వెనక కొండలు దాటి సముద్రం ఒడ్డున ఉన్న ఫుజైరా అని.

డెబ్బైలు ముగిసి ఎనభైలు మొదలవుతున్న రోజులు. అక్కడ ఓడరేవు కడుతున్నారు. కొండను పేల్చి, ఆ బండల్ని లారీల్లో తెచ్చి, అలలకు అడ్డంగా సముద్రంలో కట్ట పోసేవారు. చిన్నరాయి క్రషర్‌లో పడి కంకరయ్యేది. ఈ పనంతా సరిగ్గా జరుగుతుందో లేదో చూడడానికి ఇద్దరు అమెరికా ఇంజనీర్లు ఉండేవారు. పొద్దున సముద్రం నుంచి కొండకు, మధ్యాహ్నం కొండ నుంచి సముద్రానికి వాళ్లను పికప్‌లో తిప్పడం నా ఉద్యోగం. ముందు సీట్లో ముగ్గురం ఇరుక్కుని కూచునేవాళ్లం. గేరు మార్చినప్పుడల్లా నా చెయ్యి మధ్యలో ఉన్నాయన మోకాలికి తగిలేది. ప్రతిసారీ సారీ సార్ అనేవాణ్ని. అలా చూస్తే నాకు మూడు మాటలొచ్చు.

క్యాంపులో మేం వాళ్లకు పెట్టిన పేర్లు గడ్డం దొర, టోపీ దొర. గడ్డం దొరకు ముప్పై అయిదేళ్లుంటాయి, ఎర్రగడ్డం, ఎప్పుడూ ఏదో ఒక పుస్తకం చేతిలో. టోపీ దొర అరవైకి దగ్గర పడ్డవాడు, ఆదివారం కూడా ఇక్కడ పనిదినమేనని తెలిసి మొదట్లో చాలా బాధపడ్డాడట. ఇద్దరిదీ ఒకే దేశం, ఒకే పార్టీ. అయినా రోజూ కొట్లాడుకునేవారు. కొట్లాటంతా ఒకే ఒక్క మనిషి గురించి.

ఆ మనిషి వాళ్ల దేశపు పెద్దసభలో సభ్యుడు. ఆయన పేరు నాకు నోరు తిరగలేదు. ప్రతిదానికీ వద్దనేవాడు కాబట్టి వద్దు సారు అని పెట్టాను. పన్నులు వద్దు. పరాయి దేశాల్లో సైన్యం వద్దు. గంజాయి తాగినోణ్ని జైల్లో పెట్టొద్దు. ఒకడి ఇంట్లో ఏం జరుగుతుందో సర్కారు తొంగిచూడొద్దు. పదిమందీ ఔనన్న చోట ఒక్కడే లేచి వద్దనేవాడట, తన పార్టీవాళ్ల మీద కూడా. పది రోజుల పాత పేపరు ఎప్పుడు వచ్చినా అందులో ఆయన దేన్నో వద్దని ఉండేవాడు, ఆ పూట మా పికప్ వేడెక్కేది.

నెలల తరబడి అదే పాట వింటే స్టీరింగుకు కూడా అర్థమవుతుంది. అర్థం కాని ముక్కలు మా గదిలో ఉండే వడ్రంగి మేస్త్రీని అడిగేవాణ్ని. ఆయన గోదావరి జిల్లావాడు, మిషన్ బళ్లో పదో తరగతి దాకా చదివాడు. కన్సర్వేటివ్ అంటే ఏంటి మేస్త్రీ అంటే, "ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచాలనేవోళ్లండీ. మన క్యాంపు బాత్రూము లాంటోళ్లు," అన్నాడు.

టోపీ దొర వాదన ఇది. మా పార్టీ అంటే పెద్దలు ఇచ్చినదాన్ని కాపాడేవాళ్లు. గుడి, కుటుంబం, జెండా, సైన్యం, చట్టం. సర్కారు చిన్నదిగా ఉండాలని మేమూ అంటాం, కానీ ఇంటికి కప్పు వద్దనం కదా. ఈయన కప్పు తీసేసి ఆకాశం చూడమంటాడు. మా బల్ల మీద కూచున్నాడు నిజమే, అవతలి బల్లవాళ్లు చోటివ్వక కూచున్నాడు. ఒంటరిగా చెయ్యెత్తేవాడు పార్టీ మనిషి ఎలా అవుతాడు?

గడ్డం దొర నవ్వేవాడు. మీ తాతలు పార్టీ పెట్టినప్పుడు ఏం ప్రమాణం చేశారో ఆ ప్రమాణం గుర్తున్నది ఈయనకొక్కడికే. మీరు జేబు దగ్గర సర్కారు వద్దంటారు, పడగ్గది దగ్గర కావాలంటారు. పదిమంది దారి తప్పి ఒక్కడు రోడ్డు మీద నిలబడితే తప్పిపోయింది ఎవరు? ఇలా అని ఆఖరికి ఎప్పుడూ ఒకే మాట దగ్గరికి వచ్చేవాడు. మనిషి తన ఒంటికి తానే యజమాని. తక్కినదంతా దాని వెనకే వస్తుంది.

ఒక్కోసారి ఇద్దరూ నా వైపు తిరిగేవారు. నువ్వేమంటావ్? నేను గడ్డం దొరకొక ఎస్ సార్, టోపీ దొరకొక ఎస్ సార్ ఇచ్చేవాణ్ని. నేను తన పక్షమేనని ఇద్దరూ నమ్మారు.

ఇదంతా శుక్రవారం క్యాంపులో నాటకమయ్యేది. సెలవు రోజు, పగటి భోజనాలయ్యాక, మంచాల మధ్య ఉన్న కాస్త జాగాలో నేను దొరలనిద్దరినీ వేసేవాణ్ని. గిన్నెలు తోమే పీచు గడ్డం, అన్నం గిన్నె మూత టోపీ. పీచు పెట్టుకున్నప్పుడు ఒక గొంతు, మూత పెట్టుకున్నప్పుడు ఇంకో గొంతు. రేకుల షెడ్డులో ఇరవై ఇద్దరం ఉండేవాళ్లం. పక్క షెడ్ల నుంచి కూడా వచ్చి కిటికీల్లో నిలబడేవారు. వారమంతా బండలు మోసిన మనుషులు కడుపు పట్టుకుని నవ్వుతుంటే నాకు అంతకంటే జీతం ఏముంటుంది?

నాది పై మంచం. కింది మంచం, అందరం అన్న అని పిలిచే ఆయనది. సిరిసిల్ల దిక్కు మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద, క్రషర్ మీద పని. పొద్దున ముక్కుకు తడి తువ్వాలు కట్టుకుని పోయేవాడు, సాయంత్రానికి ఆ తువ్వాలు అట్టలా నిలబడేది. వచ్చిన కొత్తలో నా జోకులకు అందరికంటే ముందు నవ్వింది ఆయనే. రెండో ఏడు వచ్చేసరికి నవ్వబోతే దగ్గు వచ్చేది. ఆయన దగ్గితే నా మంచం ఊగేది. క్యాంపు డాక్టరు తెల్లబిళ్లలిచ్చి, దుమ్ముకు దూరంగా ఉండమన్నాడు. ఆ మాట క్రషర్‌తో చెప్పాలా, అన్నతో చెప్పాలా అని నేను జోకేశాను. దానికి కూడా ఆయన నవ్వబోయాడు.

ఆయన ఒప్పందం రెండేళ్లు. అది అయిపోయి ఎనిమిది నెలలైంది. పోతానంటే మా ముదీర్, అంటే క్యాంపు మేనేజరు, కట్ట పూర్తయ్యాకే సఫర్, అంటే ప్రయాణం, అనేవాడు. కట్ట ఎప్పుడు పూర్తవుతుందో సముద్రానికే తెలియదు. మాట్లాడడానికి వీల్లేదు, ఎందుకంటే పాస్‌పోర్టులన్నీ ముదీర్ గదిలో ఇనప్పెట్టెలో ఉండేవి. విమానం దిగిన రోజే వాటిని ఇచ్చేయడం, చదవడం రాని కాగితం మీద వేలిముద్ర వేయడం, ఇది అక్కడి ఆనవాయితీ. ఎవరికీ వింతగా తోచేది కాదు. గుడి బయట చెప్పులు విప్పినట్టు ఇచ్చేశాం అందరం. నాదీ అందులోనే ఉంది.

"ఇంటికి పోతె గాలి మారుతది తమ్మి," అనేవాడు అన్న. "గాలి మారితె దమ్ము కుదుటవడ్తది. గింకో ఏడు గీడ ఉంటె నేను పోను, నా పెట్టె పోతది."

ఆయనకు కావలసింది అదొక్కటే. ఊపిరితిత్తులు పూర్తిగా రాయి కాకముందు ఊరు చేరడం.

ఆ శుక్రవారం నాటకం బాగా రక్తి కట్టింది. పీచు గడ్డం పెట్టుకుని, మనిషి తన ఒంటికి తానే యజమాని అని నేననగానే చర్చ మొదలైంది. అది నేను కోరుకున్నదే. నాటకం మధ్యలో జనం కొట్లాడుకుంటే నాకు శ్రమ తప్పుతుంది.

వంట చేసే మామది జగిత్యాల పక్క ఊరు. గరిటె పట్టుకునే వచ్చి మధ్యలో నిలబడ్డాడు. "గాయన మా ఊరి దొర పార్టేరా, నాకెర్కే. శిస్తు వద్దన్నోడెవడు? మా దొర. పోలీసు నా గడిలకు రావద్దన్నోడెవడు? మా దొర. కూలి నా ఇష్టం, మధ్యల సర్కారు ఎవడన్నోడెవడు? మా దొర. వద్దు సారు నోట్లె మా దొర నాల్క ఉన్నది."

"కని యుద్ధం వద్దంటుండు గద మామ," అని ఎవరో కిటికీలోంచి అన్నారు. "దొరలు గట్ల అంటరా?"

"కర్సు తనమీద వడ్తదంటె దొర గూడ వద్దంటడు."

వడ్రంగి మేస్త్రీ బనియను మీద తువ్వాలు సర్దుకున్నాడు. "అలాక్కాదండీ. మా చర్చిలో ఉన్నాడొకాయన. పాటలన్నీ మాతోనే పాడతాడు, అందరికంటే గట్టిగా. పాస్టరు గారు ఏం చెప్పినా లేచి, అది గ్రంథంలో లేదండీ అంటాడు. వెలేద్దామంటే గ్రంథం ఆయనకే బాగా వచ్చు. ఉండనిద్దామంటే ప్రార్థన సాగదు. మీ వద్దు సారు అలాంటోడు. లోపలోడే, కానీ లోపలోళ్లకి పడడు."

"ఏమండీ డ్రైవరు గారూ, మీరు చెప్పండి," అని నన్ను రెచ్చగొట్టాడు. "మీరు కదా దొరల మోకాళ్లు ముట్టుకునేది."

అందరూ నవ్వారు. ఆ నవ్వును నేను వదలలేకపోయాను. పీచు సవరించుకుని, గడ్డం దొర గొంతుతో, ఆయన ఎన్నడూ అనని మాట ఒకటి అన్నాను. పన్ను దొంగతనం అని ఆయన రోజూ అనేవాడు. నేను ఇంకో అడుగు వేశాను.

"విను ముసలోడా! మనిషి ఒళ్లు మనిషిదైతే, వాడి పాస్‌పోర్టు ఇనప్పెట్టెలో పెట్టుకున్నోడు కూడా దొంగే!"

షెడ్డు ఎగిరిపోయింది. మామ గరిటెతో మంచం కోడును కొట్టాడు. ఎవరో ఈల వేశారు. నేను పీచు తీసి సలాం కొట్టాను. అన్న ఒక్కడే నవ్వలేదు. మంచం మీద మోకాళ్లు ముడుచుకుని కూచున్నవాడు, చప్పుడు తగ్గేదాకా ఆగి అడిగాడు.

"గా మాట నిజంగ అన్నడా తమ్మి?"

నేను అప్పుడే ఒప్పుకోవలసింది. కానీ జోకు వేసినవాడు తానే దాని గాలి తీస్తాడా? పదిమంది చూస్తున్నారు.

"అన్నడన్న. నేనే సాచ్చం," అన్నాను.

మర్నాడు శనివారం. దొరలిద్దరినీ ఎక్కించుకుని కొండకు పోతున్నాను. క్రషర్ మలుపు దగ్గర తెల్లదుమ్ములోంచి ఒక మనిషి రోడ్డు మధ్యకు వచ్చి చెయ్యెత్తాడు. తువ్వాలు తీసి మెడలో వేసుకున్నాడు, అందుకని మూతి దగ్గర మాత్రం మనిషి రంగు కనిపించింది. అన్న. బ్రేకు వేశాను. నా కిటికీ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"తమ్మి, దొరకు చెప్పు. మనిషి ఒంటికి మనిషే యజమాని అన్నవట. పాస్‌పోర్టు పెట్టుకున్నోడు దొంగ అన్నవట. నా ఒళ్లు ముదీర్ పెట్టెల ఉన్నది. ఒక్క మాట చెప్పి ఇప్పియ్యమను. నా ఒప్పందం అయిపోయింది. నేను పోత."

మధ్యలో రెండుసార్లు దగ్గాడు. గడ్డం దొర నన్ను అడిగాడు, ఏమంటున్నాడు?

అప్పుడు నా తలలో తిరిగినవన్నీ ఇప్పుడు వరసగా చెప్పగలను, అప్పుడు మాత్రం ఒక్క చెమటచుక్క జారినంత సేపు. ఆ మాట ఈయనకు చెబితే, నేనెప్పుడన్నాను అంటాడు. నాటకం బయటపడుతుంది. దొరల మాటలు క్యాంపులో మోసే డ్రైవరు అని ముదీర్‌కు తెలుస్తుంది. పికప్ పోతుంది, తువ్వాలు వస్తుంది, క్రషర్ వస్తుంది. నా పాస్‌పోర్టూ ఆ పెట్టెలోనే ఉంది.

"సార్, సిక్ సార్. లీవ్ వాంట్ సార్," అన్నాను.

అంతే. అంత పెద్ద మాటను అంత చిన్నది చేశాను.

గడ్డం దొర అన్నను జాలిగానే చూశాడు. చెడ్డవాడు కాడు. సెలవు సంగతి అతనికీ కంపెనీకీ మధ్య విషయం, ముదీర్‌తో మాట్లాడుకోమను, అన్నాడు. టోపీ దొర నీళ్ల సీసా తీసి, నా మీదుగా వంగి కిటికీలోంచి అన్నకు ఇచ్చాడు. అన్న తీసుకుని, తాగకుండా పట్టుకుని నా ముఖం చూస్తున్నాడు.

"ఏమన్నడు?"

"చూస్తనన్నడు," అన్నాను. రెండో అబద్ధం మొదటిదానికంటే తేలిగ్గా వచ్చింది.

"అన్నడా?"

"అన్నడన్న. దారి ఇడువు, లేటయితంది."

ఆయన పక్కకు జరిగాడు. అద్దంలో చూశాను. దుమ్ము కమ్మేదాకా సీసా పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు.

పికప్ మలుపు తిరగ్గానే దొరలు మొదలుపెట్టారు. రోజంతా వాళ్ల నోట్లో అన్న ఒక ఉదాహరణ అయ్యాడు.

టోపీ దొర అన్నాడు, "చూశావా, నీ నాయకుడి దారి ఎక్కడ తేలుతుందో. వాడి బతుకు వాడిది, నా బతుకు నాది. అందుకే ఆయన మావాడు కాదంటాను. మా పద్ధతిలో యజమానికి ఒక ధర్మం ఉంటుంది. పనివాడు జబ్బుపడితే చూసుకోవాలి."

"ఇద్దరు మనుషులు ఒప్పుకుని కాగితం రాసుకున్నారు," అన్నాడు గడ్డం దొర. "మూడోవాణ్ని నేను దూరితే, రోజూ నేను తిట్టే సర్కారుకూ నాకూ తేడా ఏముంది? నీకు అంత ధర్మం ఉంటే నువ్వే వెళ్లి ముదీర్‌కు చెప్పు."

అక్కడ టోపీ దొర తగ్గాడు. "ఇది మన దేశం కాదు. వీళ్ల పద్ధతి వీళ్లది. ఉన్న పద్ధతిని గౌరవించడమే కన్సర్వేటివ్ అంటే."

నెలలుగా ఒక్క విషయంలోనూ కలవని ఇద్దరూ ఆ రోజు కలిశారు. ఇద్దరూ చెరో దారిన వచ్చి, ఏమీ చేయనక్కర్లేదనే చోట కలిశారు.

ఇలా రాస్తే దొరలను ఆడిపోసుకోవడం తేలిక. చాలా ఏళ్లు నేను అలాగే చెప్పుకుని తిరిగాను, జనం నవ్వారు కూడా. కానీ పాస్‌పోర్టు మాట వాళ్ల చెవిన పడలేదు. ఇనప్పెట్టె సంగతి వాళ్లకు తెలుసో తెలియదో నేను ఎన్నడూ అడగలేదు. తన ఒంటికి తానే యజమాని అన్నవాడు, ఒళ్లు పెట్టెలో పెట్టి తాళం వేశారని వింటే ఏమనేవాడు? కాగితం పక్కన నిలబడేవాడా, మనిషి పక్కన నిలబడేవాడా? వద్దు సారు దొరల మనిషా, మన మనిషా అని క్యాంపంతా కొట్లాడుకున్న ప్రశ్నకు పరీక్ష ఆ మలుపు దగ్గరే వచ్చింది. పరీక్షల్లో తప్పడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటే. ఆ రోజు మాత్రం ప్రశ్న కాగితమే మార్చేసి, దొరలు తప్పారని అందరికీ చెప్పుకున్నాను.

ఆ ఆదివారం అన్న పనికి పోలేదు. మంచం మీద కూచున్నాడు. ఫోర్‌మన్ వచ్చి, లేచి పదమని, యల్లా యల్లా అని అరిచాడు. "నా ఒప్పందం ఖలాస్," అన్నాడు అన్న. సోమవారం కూడా కూచున్నాడు. ముదీర్ భోజనం ఆపించాడు. మామ అన్నం పొట్లం కట్టి తెచ్చేవాడు, నేను పళ్లెంలో నా కూర సగం పెట్టేవాణ్ని. ఆయన తినేవాడు, వంకలు పెట్టకుండా, నా వైపు చూడకుండా. దొర ఏమన్నాడని మళ్లీ అడగలేదు. అడిగి ఉంటే నిజం చెప్పేవాణ్నేమో. లేదు, మూడో అబద్ధం చెప్పేవాణ్నే.

వడ్రంగి మేస్త్రీ నన్ను బయటికి పిలిచాడు. "ఆ దొర నిజంగా అన్నాడా అండీ ఆ మాట?"

"మేస్త్రీ, జోకు," అన్నాను.

ఎప్పుడూ ఏదో ఒక చురక వేసే మనిషి, ఆ రోజు వేయలేదు. "చెప్పెయ్యండి ఆయనకి," అన్నాడు. రేపు చెబుతానన్నాను.

మంగళవారం మధ్యాహ్నం, అందరూ పని మీద ఉన్నప్పుడు, అన్న క్యాంపు వదిలి వెళ్లిపోయాడు. దుబాయ్‌లో మన దేశపు ఆఫీసు ఉందని, అక్కడికి పోయి చెప్పుకుంటే పాస్‌పోర్టు ఇప్పిస్తారని ఎప్పుడో ఎవరో చెప్పారు. దారి తెలియదు, కొండల మీదుగా ఒకటే రోడ్డు. కూరగాయలు తెచ్చే పఠాన్ డ్రైవరు ఖాళీ గోనెసంచుల కింద పడుకోమన్నాడట. కొండల మధ్య మసాఫీ అనే ఊరు దాటేముందు పోలీసులు ఆపారు. బండి వెనక ఒకసారి చూసి పొమ్మన్నారట కూడా. బండి కదలబోయేటప్పుడు సంచుల కింద దగ్గు వచ్చింది.

చేతిలో కాగితం లేదు. ముదీర్ అప్పటికే, పనివాడు పారిపోయాడు అని పోలీసులకు రాసి ఇచ్చేశాడు. అన్నను అక్కడి నుంచే జైలుకు తీసుకుపోయారని క్యాంపులో తెలిసింది. ఆ వారమే ముక్కుకు కట్టుకునే గుడ్డలు ఒక పెద్ద డబ్బా నిండా వచ్చాయి, క్రషర్ వాళ్ల కోసం. టోపీ దొర ముదీర్‌తో చెప్పి తెప్పించాడని తెలిసింది. ఆయన చెప్పనే లేదనుకున్నాను, చెప్పాడన్నమాట. అన్న మంచం దగ్గర కూడా ఒకటి పెట్టారు, లెక్క ప్రకారం.

శుక్రవారం జనం వచ్చి మంచాల మీద కూచున్నారు, అలవాటు కొద్దీ. నేను పైమంచం దిగలేదు. కిందిది ఖాళీగా ఉంది. కాసేపు చూసి లేచి బట్టలుతుక్కోవడానికి పోయారు.

పికప్‌లో మాత్రం ఏమీ మారలేదు. కొత్త పేపరు వచ్చింది, వద్దు సారు మళ్లీ దేన్నో వద్దన్నాడు. ఆయన మావాడని ఒకరు, కాడని ఒకరు. ఒకరోజు గడ్డం దొర అలవాటుగా నా వైపు తిరిగి, నువ్వేమంటావ్ అన్నాడు. నాకు పదకొండు రకాల్లో ఒక్కటీ నోటికి రాలేదు. గేరు మార్చాను.

మూడు వారాలకు, అన్నను జైలు నుంచి ఊరికి పంపించేస్తారని, పాస్‌పోర్టుకు బదులు అవుట్‌పాస్ అనే ఒక్క కాగితం మీద ఎక్కిస్తారని కబురు తెలిసింది. ఆయన కోరుకున్నది ఊరు చేరడమే. చేరాడు కూడా. రెండు వానాకాలాలు చూశాడని తర్వాత సెలవుకు పోయినప్పుడు విన్నాను. గాలి మారింది గానీ, మారవలసిన కాలం దాటాక మారింది. మళ్లీ రాకుండా వేలిముద్రలు తీసుకున్నారట. ఈసారి ఆ కాగితంలో ఏముందో ఎవరో చదివి చెప్పారట.

పంపించేముందు ఒకసారి చూడనిచ్చారు. అరటిపళ్లు, ఒక బిస్కెట్ పొట్లం పట్టుకుని పోయాను. ఇనపచువ్వల అవతల నిలబడ్డాడు. దుమ్ము లేని అన్నను చూడడం అదే మొదటిసారి. జుట్టు తెల్లగా ఉంది. అదంతా రాయి పొడి అనుకునేవాణ్ని ఇన్నాళ్లూ. పోలీసు గడియారం చూపించి అయిదు వేళ్లు చూపాడు.

దారి పొడవునా ఏం చెప్పాలో కూర్చుకున్నాను. ఎదురుగా నిలబడేసరికి ముందు జోకే వచ్చింది నోటికి. "ఏందన్న, నీకు గీడ ఏసీ గూడ ఉన్నదట." ఆయన నవ్వలేదు, దగ్గనూ లేదు. పళ్లు తీసుకుని కింద పెట్టుకున్నాడు.

"అన్న," అన్నాను, "ఒక మాట చెప్పాలె. గా పాస్‌పోర్టు మాట దొర అనలే. నేనే అన్న, నాటకంల, నవ్వేతందుకు. బండి ఆపిన రోజు గూడ నువ్వన్న మాట దొరకు చెప్పలే. లీవ్ అడుగుతుండని చెప్పిన. చూస్తనని గూడ ఆయన అనలే. నేను చెప్పిన మాట నమ్మి నువ్వు గిట్ల..."

ఆయన చువ్వ పట్టుకుని నన్ను చూశాడు. కోపం లేదు ఆ చూపులో. ఉంటే బాగుండేది.

"దొర అనలేదని నాకు గా శుక్రారమే ఎర్క తమ్మి," అన్నాడు. "గా మాట నీ మనసులదనుకున్న. గందుకే బండి దగ్గర దొర దిక్కు రాలే, నీ కిడికి కాడికి వచ్చిన."